బల్ల ఆదివారం

ఎక్కడ కొట్టాలో జెన్నిఫర్‌కి ఇప్పటికీ తెలుసు. ముందు వరసలో, మగవాళ్ల వైపు చాప మీద కూర్చున్న జెకర్యా తాత మెడ వెనక, గంజిపెట్టిన చొక్కా కాలరుకీ నెరిసిన జుట్టుకీ మధ్య, రెండు వేళ్ల వెడల్పున నల్లటి చర్మం కనబడుతోంది, అక్కడ. ప్రసంగం మొదలైన దగ్గర్నుంచి ఆమె చూపు దాని మీదే ఉంది. తలమీద చున్నీ కప్పుకుని, ఒళ్లో చేతులు ముడుచుకుని, ఈ పూండి చుట్టుపక్కల సంఘాల్లో ఇంతకంటే బుద్ధిమంతురాలు లేదన్నట్టు కూర్చుంది గాని, లోపల ఆ మెడ మీద దెబ్బ మీద దెబ్బ పడుతూనే ఉంది. పడ్డ ప్రతిసారీ ఆ తల ముందుకి వాలి, మళ్లీ నిటారుగా లేచి, పాస్టరు అయ్యగారి మాటకి ఆమేన్ అంటోంది. కాసేపట్లో ఆ మనిషి ఎదురుగా నిలబడి, తప్పు నాది తాతా, మన్నించు, అనాలి. మైకులో, సంఘమంతా వినేలాగ. అంటే సంఘం చేతులెత్తుతుంది, చేతులెత్తితే ప్రభువు బల్లలోకి, రొట్టె ద్రాక్షరసం పంచుకునే పంక్తిలోకి, మళ్లీ చేర్చుకుంటారు, చేర్చుకుంటే అయ్యగారు సంతకం పెడతారు, పెడితే యూనివర్సిటీ. అనకపోతే ఏదీ లేదు. ఒక్క అబద్ధం. బతుకులో ఎన్ని ఆడలేదు, ఈ ఒక్కదానికి ఎందుకో ఈ అవస్థ.

ఆ యూనివర్సిటీ వాళ్లది కూడా చోద్యం కాకపోతే ఏమిటి. కొత్తగా చేరే పిల్లల్ని మార్కులడుగుతారు. మధ్యలో వదిలేసి వెళ్లిపోయి, టెక్కలి డిగ్రీ కాలేజీలో రెండో ఏడు చదివి, ఇప్పుడు మూడో ఏడుకి ట్రాన్స్‌ఫర్ మీద మళ్లీ వస్తాను, నన్ను చేర్చుకోండి అని రాసిన పిల్లని మాత్రం, మీ సొంత సంఘంలో ప్రభువు బల్ల తీసుకుంటున్నారా అమ్మా, మీ కాపరి రాసిచ్చి సంతకం చేస్తారా అని అడుగుతారు. దేవుడి పేరు మీద నడిచే చదువులు మరి. ఫోనులో అడిగినావిడ గొంతు ఎంత మెత్తగా ఉందో, వెన్నపూసలాగ, ఆ మెత్తదనానికే ఈమె తీసుకుంటున్నానండి అనేసింది. అనేసి ఫోను మంచం మీదకి విసిరికొట్టింది. బల్ల తీసుకుని ఏడాదయింది. ఈ సంఘంలో ఆమెని బల్లకి దూరం పెట్టారు, కొట్టిన చెయ్యి రొట్టె ముట్టుకోకూడదని. కాయితాలు పంపడానికి గడువు ఈ బుధవారం. బల్ల ఆదివారం నెలకొక్కటే. ఇవాళ కాకపోతే మళ్లీ నెలకి గాని రాదు, అప్పటికి అక్కడ ఆమె సీటులో ఏ విజయవాడ పిల్లో కూర్చుని ఉంటుంది.

అక్కడ ఆమెకి కోపం ఉండేది కాదు. ఆ సంగతి ఎవరికి చెబితే నమ్ముతారు. అక్కడ హాస్టల్లో బోర్లా పడుకుని, నోరు తెరుచుకుని, పందిపిల్లలాగ నిద్రపోయేది. పొద్దున్నే చాపెల్‌లో ఆడపిల్లలంతా మూడు నాలుగు స్వరాల్లో పాడుతుంటే ఈమెని మంద్రస్థాయి వాళ్లలో నిలబెట్టారు, నీ గొంతు నేలలాగ ఉంది, దానిమీద మిగతావాళ్లం నిలబడతాం అంది పాట నేర్పే టీచరు. ఆ మాటకి ఎంత గర్వపడిందో వారం రోజులు. ఏ ఊరు అంటే పలాస అనేది, ఓ జీడిపప్పా అనేవారు, అయిపోయింది, అంతకుమించి ఎవరికీ ఏమీ అక్కర్లేదు. ఇక్కడో? కిడ్నీలు పోయిన విజయ్ కుమార్ కూతురు. ఆ తర్వాత, ముసలాయన్ని గోతి దగ్గర కొట్టిన పిల్ల. టెక్కలి బస్సులో ఎవడో ఆనుకుని నిలబడితే మెడ పట్టుకుని కిటికీ ఊచకేసి కొట్టింది, వాడి నుదురు పగిలింది, వాడికి అది న్యాయమేలే, కాని కొట్టాక ఆమె చెయ్యి ఆగలేదు, అదీ ఆమెని భయపెట్టింది. కాలేజీలో బెంచీ తన్నింది. ఇంట్లో కంచం విరిచింది, స్టీలు కంచం, ఎలా విరిగిందో దానికే తెలియాలి. రాత్రి పళ్లు నూరుతోందని అమ్మ లేపి గుడ్డముక్క నోట్లో పెట్టింది. ఇంకో ఏడాది ఇక్కడుంటే ఈ చేతులు ఎవరి ప్రాణమో తీస్తాయి. అక్కడికి పోతే మళ్లీ పుస్తకం పట్టుకునే చేతులవుతాయి. దేవుణ్ణి ఆమె అడిగేది అంతకంటే పెద్దదేం కాదు. నిద్ర.

అయ్యగారికి మైకు దొరికితే చాలు, ఎదురుగా ఉన్నది వందమందే అని మర్చిపోతారు. సమాధానం గురించి చెబుతున్నారు. సమాధానపడండి, సహోదరుడితో సమాధానపడకుండా బల్ల దగ్గరికి రావద్దు అంటున్నారు, అంటూ ఓరగా ఇటే చూస్తున్నారు. ఆయన వెనక బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ కింద గిన్నెల ఆకారం. చిన్నచిన్న గిన్నెల్లో కాచి చల్లార్చిన ద్రాక్షరసం. గుక్కెడు. ఆ గుక్కెడు చూస్తే చాలు, నాన్న గుర్తొస్తాడు. రోజుకి ఆయనకి రాసిపెట్టిన నీళ్లు అలాంటి గిన్నెలు నాలుగో ఐదో అవుతాయేమో.

నీళ్లు. పొలంలోంచి వచ్చి చెంబెడు నీళ్లు ఎత్తిన చెంబు దించకుండా తాగే మనిషి. కంఠం మీద ముడి పైకీ కిందకీ ఆడుతుంటే చిన్నప్పుడు వేలు పెట్టి చూసేది. ఆ మనిషికి పలాస ఆసుపత్రిలో నర్సు ఒక స్టీలు గ్లాసు చూపించి, పగలూ రాత్రీ కలిపి ఇంతే, మందులు మింగేది కూడా ఇందులోంచే అంది. మిషను మీద రక్తం కడిగించుకుని వచ్చిన రోజు కాస్త నయం. మర్నాటి నుంచి మొదలు. నాలిక పిడచకట్టి, కళ్లు లోపలికి పోయి, ఇంట్లో దొంగలాగ తిరిగేవాడు. బియ్యం కడిగిన నీళ్లు తాగాడు. మేకల తొట్టిలో మూతి పెట్టాడు. స్నానం చేస్తానని లోపల గడియ పెట్టుకుంటే తలుపు బద్దలుకొట్టి లాగింది. అమ్మ పలాసలో జీడిపప్పు ఒలవడానికి తెల్లారేసరికి వెళ్లిపోయేది, అన్నం అక్కణ్ణుంచి రావాలి కదా, కాబట్టి కాపలా కూతురిదే. అందుకే యూనివర్సిటీ మానేసింది, ఎవరూ మానమనలేదు, ఆమే మానింది. కడవ పక్కింట్లో పెట్టింది. ఒకరోజు మధ్యాహ్నం చెంబు దొరకబుచ్చుకున్నాడు. లాక్కుంటే జుట్టు పట్టుకున్నాడు. మంచి చెయ్యి, మిషను సూదులు గుచ్చని చెయ్యి, వెనక్కి మెలితిప్పి నేలమీద పడేసి, కన్నతండ్రి గుండె మీద మోకాలు పెట్టి కూర్చుంది. ముంజేతి మీద కొరికాడు, రక్తం వచ్చింది, వదల్లేదు. ఒక్క గుటక, ఒలే, ఒక్క గుటక, నీకు దండవెడతాను అని ఏడ్చాడు, కన్నీళ్లు కూడా రాలేదు, ఒంట్లో ఉంటే కదా. చెంబులో నీళ్లు ఆయన కళ్లముందే మట్టిలో పారబోసింది. ఆ మట్టి వంక ఆయన చూసిన చూపు. ఇదీ ప్రేమే అని ఎవరితో చెప్పుకుంటుంది. కొట్టి, తిట్టి, మెడలు వంచి, పగవాడితో పోరాడినట్టు పోరాడి నిలబెట్టుకుంది ఆ ప్రాణాన్ని. చక్కగా నిలబెట్టింది. డాక్టరే అన్నాడు, అమ్మాయి బాగా చూసుకుంటోందయ్యా నిన్ను అని.

అప్పుడు జెకర్యా తాత వచ్చాడు. చెడ్డవాడైతే ఎంత బాగుణ్ణు. ఎంత సుఖంగా ఉండేది, ఎంత హాయిగా అసహ్యించుకునేది. సంఘ పెద్ద. నాన్నకి చెట్టెక్కడం నేర్పినవాడు. నాన్న పెళ్లికి పందిరి వేసినవాడు. జెన్నిఫర్ పుడితే పేరు పెట్టమని పాత అయ్యగారి దగ్గరికి సైకిలు తొక్కుకుంటూ పోయినవాడు. ఈమె టెక్కలిలో కాలేజీలో చేరే పరీక్ష రాస్తోంది, అమ్మ పలాసలో ఉంది. రోగిని చూడబోతే వట్టి చేతులతో పోకూడదు, అది ఆయన పద్ధతి, ఈ ఉద్దానంలో అందరి పద్ధతీనూ. తిత్లీ తుఫానుకి కొబ్బరితోట తోటంతా పడుకుంటే నిలబడ్డ ఒకే ఒక్క చెట్టు ఉంది ఆయన దొడ్లో, దాన్నుంచి రెండు బొండాలు దింపాడు. ఊళ్లో బోరునీళ్లంటే అందరికీ అనుమానమే, కిడ్నీలు పోయేది వాటివల్లేనని పెద్దా చిన్నా అనుకుంటారు, మందు కలిపినట్టు చూస్తారు గ్లాసు వంక. బొండాం నీళ్లు అలా కాదు కదా. మట్టి తగలనివి. చెట్టు వడగట్టి, డిప్పలో పోసి, దేవుడు మూత వేసినవి. ఇంతకంటే శుద్ధమైన నీళ్లు లోకంలో ఉన్నాయా అనుకున్నాడు. నీళ్లు తాగొద్దన్నారు గాని బొండాం వద్దన్లేదు కదా అనుకున్నాడు. నర్సు చెప్పింది, అరటిపండు వద్దు, బొండాం వద్దు, అందులో ఉండే ఉప్పు ఈ కిడ్నీలు బయటికి తొయ్యలేవు, గుండె ఆగిపోద్ది అని. అమ్మకి తెలుసు, ఈమెకి తెలుసు, నాన్నకీ తెలుసు. ఊరికి తెలీదు. కొబ్బరితోటల్లో పుట్టి పెరిగిన జనాన్ని పిలిచి, బొండాం విషమర్రా అని ఎవరు చెబుతారు. జెకర్యా తాత పైన చెక్కి నాన్న చేతికిచ్చాడు. వద్దంటే కదా. నాన్న వద్దన్లేదు. ఒకటి తాగి రెండోది అడిగాడట. ఇద్దరూ కలిసి ప్రార్థన చేసుకున్నారట. చాన్నాళ్లకి వాడి మొకంలో కళ సూశాను అని తాత ఊరంతా చెప్పాడు, ఆ సాయంత్రం. ఆ సాయంత్రమే కాళ్లు చచ్చుబడ్డాయి, నాలిక తిరగలేదు, ఆటో కాశీబుగ్గ చేరేసరికి జెన్నిఫర్ ఒళ్లో తల బరువెక్కిపోయింది. ఏం తాగాడమ్మా అని డాక్టరు అడిగాడు. ఇంటి మూల చెక్కిన బొండాలు రెండు, పక్కపక్కనే.

కాలి బొటనవేలు చాప అంచుని పీకుతోంది, తను పీకుతున్నట్టు కూడా తెలీడం లేదు. పక్కనున్న అమ్మ చూసి తొడ మీద గిల్లింది. అమ్మ విమలకుమారికి వేలి కొసల్లో చర్మం లేదు, జీడి నూనె తినేసింది, అందుకని గిల్లినా గీసుకున్నట్టే ఉంటుంది. రాత్రంతా బతిమాలింది. చెప్పీయే ఒక్క మాట, అంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయేటి, ఆయన మీద నాకు మాత్రం లేదేటి కడుపుమంట, నేను మింగలేదా అంది. నిజమే, అమ్మ మింగింది. అమ్మ ఏదైనా మింగుతుంది. నాన్నని పూడ్చిన మూడో నాడే జీడి బట్టీకి పోయి పప్పు ఒలుచుకుంటూ కూర్చుంది. కూతురు ఇంకో ఊరు పోయి బాగుపడితే చాలు, దానికోసం ఎవరి కాళ్లయినా పట్టుకుంటుంది, పట్టుకుంది కూడా, నిన్న సాయంత్రం అయ్యగారింటికి పోయి. మింగడం చేతకానిది కూతురికే. అది నాన్న పోలిక కాబోలు.

పూడ్చిన రోజు. సముద్రం వైపు ఇసక దిబ్బల్లో గొయ్యి. తవ్వుతుంటే ఇసక జారి మళ్లీ పూడిపోతోంది, తవ్వేవాళ్లు బూతులు తిట్టుకుంటూ తవ్వారు. పెట్టె దించారు. తలా పిడికెడు వేస్తున్నారు. జెకర్యా తాత పిడికెడు వేసి, ఈమె దగ్గరికి వచ్చి, తల మీద చెయ్యి పెట్టాడు. ఏడుస్తున్నాడు పాపం, చొక్కా ముందంతా తడి. ఓదార్పు మాట ఏదైనా ఒకటి చెప్పాలనుకున్నట్టున్నాడు, పోతాపోతా సల్లగా తాగి పోనాడమ్మా అన్నాడు. అంతే. ఏడాదిపాటు ఈ చేతులతో పారబోసిన ప్రతి చెంబూ ఆ ఒక్క మాటలో ఈమె నెత్తిమీద పడింది. నువ్వు ఎండగట్టావు, నేను తడిపాను అన్నట్టు వినిపించింది. ఆయన అలా అనలేదు, ఆమెకి తెలుసు, అప్పుడూ తెలుసు. పక్కనే ఎండిన కొబ్బరిమట్ట పడి ఉంది, మొదలు వైపు బలంగా, పట్టుకోవడానికి వీలుగా. మొదటి దెబ్బ మూతి మీద. ముందు పళ్లు ఇసకలో పడడం చూసింది, తెల్లగా, గవ్వల్లాగ. రెండో దెబ్బకి ఆయన ఎడమ చెయ్యి అడ్డం వచ్చింది, ఆ చెయ్యే విరిగింది, విరిగిన చప్పుడు బాగుంది. బాగుంది, అబద్ధం ఎందుకు, దాహంతో ఉన్నవాడికి నీళ్లు దొరికినట్టుంది. కొట్టింది. పడ్డాక కూడా కొట్టింది. వీపు మీద, నడుం మీద, ఎక్కడ తగిలితే అక్కడ. నోట్లో ఇసక పడి ఉమ్ముతూ కొట్టింది. ఆయన ఒక్కసారి కూడా ఆపమనలేదు, అరవలేదు, ముడుచుకోనుకూడా లేదు, బోర్లా పడి వీపు ఇచ్చేశాడు. నలుగురు మగాళ్లు పట్టి లాగితే గాని వదల్లేదు. లాగుతుంటే పెట్టె పైన ఇసక సగం జారింది.

ఆసుపత్రిలో ఆయన చెట్టు మీంచి పడ్డానని రాయించాడు. పోలీసుల ఊసే రానివ్వలేదు. పళ్లు లేక మాట తుస్సుమంటోంది, ఎడమ మోచెయ్యి సగమే చాపుతుంది, ఇక చెట్టెక్కడు. అయినా ఎదురుపడితే, చిన్నపిల్లని పిలిచినట్టు, బాగున్నావా గుంటా అంటాడు. ఆ మంచితనం ఉంది చూశారూ, అది పీక నొక్కేసే మంచితనం. తిట్టు, చెయ్యెత్తు, కేసు పెట్టు, నాకో పగ ఇవ్వు ముసలాయనా అని ఎన్ని రాత్రులు గోడకేసి గుద్దుకుందో. ఊరు మొత్తం ఒక్క మాటే, పాపం తెలీక చేశాడు. అయ్యగారు అదే అన్నారు, పెద్దలు అదే అన్నారు, దూరపు చుట్టాలూ అదే. తెలీక చంపితే చంపినట్టు కాదు కాబోలు, పాడెక్కినవాడు లేచి వచ్చేస్తాడు కాబోలు. తెలిసి కొట్టినందుకు మాత్రం శిక్ష. బల్ల ఆదివారం వచ్చిన ప్రతి నెలా ఇదే చాప మీద కూర్చుంది, మానకుండా వచ్చింది, అది పొగరు కాకపోతే ఏమిటి. రొట్టె పళ్లెం వరసంతా చేతులు మారుతూ వచ్చి, ఈమె దగ్గరకి వచ్చేసరికి అమ్మ చేతిలోంచి తలమీదుగా అవతలి ఆవిడ చేతిలోకి దాటిపోయేది. పళ్లెం నీడ మొహం మీంచి పోయేది.

మైకు గరగరలాడింది. ప్రసంగం ఎప్పుడు ఆగిందో. అయ్యగారు సహోదరి జెన్నిఫర్ ముందుకు రావాలి, సహోదరుడు జెకర్యా గారు కూడా రావాలి అంటున్నారు. కాళ్లు తిమ్మిరెక్కాయి, లేస్తుంటే అమ్మ భుజం పట్టుకుంది. ఆడవాళ్ల మధ్యలోంచి, ముడుచుకున్న మోకాళ్లు దాటుకుంటూ, చున్నీ సర్దుకుంటూ నడిచింది. అయ్యగారు పద్ధతి చెప్పారు, అందరికీ తెలిసిన పద్ధతే. ముందు ఈమె ఒప్పుకోవాలి. దెబ్బతిన్నవాడు సహవాసపు కుడిచెయ్యి ఇవ్వాలి. ఆ తర్వాత సంఘం చేతులెత్తి సమ్మతి చెప్పాలి. మూడూ జరిగితే ఇవాళే బల్ల. జెకర్యా తాత ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. దగ్గర్నుంచి చూస్తే ఏడాదిలో పదేళ్లు ముసలాడయ్యాడు. మెడ కాదు, ఇప్పుడు మొహం ఎదురుగా ఉంది. జెన్నిఫర్ మాట సిద్ధంగా పెట్టుకుంది, నాలిక చివర, మాత్రలాగ. చేదే, మింగితే పోతుంది. అయ్యగారు మైకు స్టాండు మీంచి తీస్తున్నారు, తీగ ఎక్కడో చిక్కుకుంది, లాగుతున్నారు.

ఆ సందులో ఆయన పద్ధతి తప్పాడు. ఆమె ఏమీ అనకముందే కుడిచెయ్యి చాపి, ఆమె చెయ్యి పట్టుకుని, దగ్గరకి లాగి, చెవి దగ్గర నోరు పెట్టాడు. జనానికి అది తాతా మనవరాళ్ల ముచ్చటలాగ కనబడి ఉంటుంది, ఆడవాళ్ల వైపు ఎవరో అప్పుడే స్తోత్రం అన్నారు.

"సెప్పకే తల్లీ" అన్నాడు. పళ్లు లేని నోటి గాలి చెవికి వేడిగా తగిలింది. "తప్పు నీదని సెప్పకు."

ఆమెకి అర్థం కాలేదు. చెయ్యి లాక్కోబోతే ఆయన వదల్లేదు.

"అందరూ తెలీక సేసినావన్నారు. అయ్యగారన్నారు, నా ఆడమనిసి అన్నాది, మీ యమ్మ కూడా నా సెయ్యట్టుకుని అదే అన్నాది. నివ్వొక్కదానివే కొట్టినావు. నువ్వు సంపినావురా ముసిలోడా అని నివ్వొక్కదానివే అడిగినావు. ఆ దెబ్బలు తలుసుకునే నాను నిద్దరోతన్నాను గుంటా. ఇప్పుడు అది తప్పని నివ్వే అనీసినావంటే, ఇంక నాకేటుంటది?"

ఏడాదిగా ఈ ఊళ్లో ఒక్కరైనా, ఒక్కరంటే ఒక్కరైనా, నాన్న చచ్చిపోయిన సంగతి తనలాగే మోస్తున్నవాళ్లు ఉంటే బాగుణ్ణని ఏడ్చింది. ఉన్నాడు. ఈయనే. కొట్టినప్పుడు వీపు ఎందుకిచ్చాడో ఇప్పుడు తెలిసింది, చెట్టు మీంచి పడ్డానని ఎందుకు రాయించాడో తెలిసింది. మంచితనం కాదది, ఆకలి. ఆమె దెబ్బలు అన్నంలాగ తిని బతుకుతున్నాడు ముసలాయన. అయ్యో తాతా అనాలనిపించింది. మెడ చుట్టూ చేతులు వేసి, ఇద్దరూ నేలమీద కూలబడి ఊరంతా వినేలాగ ఏడవాలనిపించింది. నోరు మూసుకుని వెనక్కి వెళ్లి చాప మీద కూర్చుంటే చాలు, ఆయన ఈ రాత్రి నిద్రపోతాడు. బుధవారం దాటిపోతుంది. ఆమె మాత్రం రాత్రి లేచి గోడ గుద్దుకుంటుంది, పొద్దున్నే అమ్మతో పలాస ఆటో ఎక్కుతుంది, వేళ్లు కాలిపోతాయి. ఉన్నది ఒక్క నిద్ర, మనుషులు ఇద్దరు. దాహంతో చచ్చే మనిషి ముందు చెంబు పట్టుకుని నిలబడడం ఆమెకి కొత్త కాదు. చేతులకి ఆ పని వచ్చు. ఆయన కళ్లు ఆమె పెదాల మీదే ఉన్నాయి, బతిమాలుతూ, నాన్న చూసినట్టే, ఒక్క గుటక, ఒలే. అరగంటగా ఆ మెడ మీదే చూసింది గాని, కొట్టాల్సిన చోటు ఇదిగో, ఆయనే తెచ్చి చేతిలో పెట్టాడు. ఆయన మీద జాలి ఉంది, నిజంగా ఉంది. జాలితోనే గదా ఇన్నాళ్లూ అన్నీ చేసింది.

తీగ చిక్కు విడింది. అయ్యగారు మైకు ఆమె నోటి ముందు పెట్టారు.

"తప్పు నాదండి" అంది జెన్నిఫర్. తన గొంతే, ఆ చాపెల్‌లో పాడిన గొంతు, కింద నుంచి గట్టిగా, ఎక్కడా వణక్కుండా స్పీకర్లోంచి వచ్చి గోడలకి తగిలింది. "నేను చేసింది పాపం. సంఘం నన్ను మన్నించాలి." అంతే చాలు, అంతవరకే అనుకుంది, అయ్యగారు మైకు వెనక్కి తీసుకోబోతున్నారు. రెండో దెబ్బ ఆ రోజు ఎలా దానంతటదే లేచిందో, ఈ మాటా అలాగే లేచింది. "జెకర్యా తాత ఏ తప్పూ చెయ్యలేదు. తెలీక చేశారు. మా నాన్న చావుకీ ఆయనకీ ఏ సంబంధం లేదు."

ఆయన మొహం ఆమెకి మాత్రమే కనబడుతోంది. మట్టతో మూతి మీద కొట్టినప్పుడు కూడా ఆ మొహం అలా అయిపోలేదు. నోరు కొద్దిగా తెరుచుకుంది, మూయడం మర్చిపోయాడు. వెనక ఆడవాళ్లు ఏడుస్తున్నారు, అమ్మ గొంతు వాళ్లలో తెలిసిపోతోంది, దేవుడా నా బిడ్డకి మనసిచ్చావు అంటోంది. అయ్యగారు కూడా కళ్లజోడు తీసి తుడుచుకుని, సహోదరి జెన్నిఫర్‌ని బల్లలోకి చేర్చుకోవడం సమ్మతమైనవాళ్లు చేతులెత్తండి అన్నారు. మగవాళ్లవైపు, ఆడవాళ్లవైపు, వెనక గోడ దాకా, చంకల్లో పిల్లలున్నవాళ్లు కూడా ఎత్తారు. ఎత్తనివాళ్లు ఎవరైనా ఉన్నారా అని అయ్యగారు పద్ధతి ప్రకారం చుట్టూ చూశారు. ఒక్క చెయ్యి మాత్రం లేవలేదు. అది జెన్నిఫర్ చేతిలో ఉంది. ముసలాయన దాన్ని విడిపించుకోవాలని మెల్లగా లాగుతున్నాడు, ఆమె వదల్లేదు.